సంచి బరువుకు తరుగు

మా బడిలో ఫీజు కిటికీకీ మంచినీళ్ల ట్యాంకుకీ మధ్య గోడకి ఒక ఫ్లెక్సీ కట్టి ఉంటుంది. అందులో ఎక్కడి పిల్లవాడో, మన ఎండ ఎన్నడూ తగలనివాడు, వీపున బ్యాగు తగిలించుకుని ముప్ఫై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతుంటాడు. ఆ బ్యాగులో గాలి తప్ప మరేమీ లేదని ఎల్‌కేజీ పిల్ల కూడా చెప్పగలదు. వాడి కాళ్ల కింద "బడి బ్యాగు బరువు పిల్లల శరీర బరువులో పదో వంతు మించరాదు" అని ఎర్రక్షరాలతో రాసి ఉంటుంది. దాని కింద మా కరస్పాండెంటు గారు చేతులు జోడించి ఉంటారు. ఒక్కో సబ్జెక్టుకి ఒక టెక్స్టు, ఒక క్లాస్‌వర్కు, ఒక హోంవర్కు, ఒక టెస్టు నోట్సు, అవి చాలనట్టు బడి పేరు అచ్చేసిన మెటీరియలు, ఇవన్నీ పిల్లల వీపున కట్టిన మనిషే ఆ చేతులు జోడించింది. ఎవరికి దణ్ణం పెడుతున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను ఆ బడిలో లెక్కల టీచర్ని. తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని కూడా. గుంటూరుకీ చీరాలకీ మధ్య ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగని ఊరు మాది. చుట్టూ పత్తి, మిరప. జనవరి వచ్చిందంటే కల్లాల మీద ఎండబోసిన కాయల ఘాటు కిటికీల్లోంచి వచ్చి తరగతి మొత్తం తుమ్ముతుంది. ఎవరేం చెప్పినా "రుజువేదీ?" అనడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. లెక్కలు చెప్పేదానికి అది జబ్బు కాదు, అర్హత అనుకునేదాన్ని.

మా అమ్మాయి అదే తొమ్మిదో తరగతిలో మూడో బెంచీలో కూర్చునేది. దాన్ని ఆ బడిలో చేర్పించిన రోజే చెప్పాను, గేటు దాటితే అమ్మ ఉండదు, మేడమే ఉంటుందని. టీచర్ల పిల్లలు మిగతా పిల్లల మీద సవారీ చేయడం చాలాచోట్ల చూశాను, నాకది అసహ్యం. అది ఒక్కసారి కూడా నియమం తప్పలేదు. తోటి టీచర్లు "ఎంత బాగా పెంచారు మేడం" అంటే నేను పైకి ఏమీ అనకుండా లోపల పొంగిపోయేదాన్ని.

మా తరగతి గది గురించి కూడా చెప్పాలి. ముప్ఫైమంది పట్టే గదిలో మా కరస్పాండెంటు గారు యాభైమందిని పట్టించారు. బెంచీల మధ్య నడవాలంటే చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని పక్కవాటుగా నడవాలి. దసరా సెలవులకి ముందు వారం ఆ నడవలో పడున్న ఒక బ్యాగు పట్టీ కాలికి తగులుకుని నేను బోర్లా పడ్డాను. చేతిలో చాక్‌పీసు డబ్బా ఒకవైపు, చెప్పు ఒకవైపు. వెనక బెంచీల్లో కిసుక్కుమని నవ్వు. లేచి చీర సర్దుకుని అప్పటికప్పుడు చట్టం చేశాను. ఇకమీదట నేల మీద ఒక్క బ్యాగు కనపడకూడదు, ఎవడి బ్యాగు వాడి వీపు వెనక బెంచీ మీదే ఉండాలి. పాటించారు. నా తరగతిలో నా మాట పాటించకపోవడం అనేది లేదు.

దీపావళి దాటాక మా అమ్మాయి "అమ్మా, బ్యాగు వల్ల నడుం నొప్పి పుడుతోంది" అనడం మొదలుపెట్టింది. మొదటిసారి జండూబామ్ రాశాను. రెండోసారి ఫోన్ చూడటం తగ్గించమన్నాను. మూడోసారి మాత్రం, "మీ తరగతిలో యాభైమంది అదే బ్యాగు మోస్తున్నారు, యాభైమందికీ లేని నొప్పి నీ ఒక్కదానికే ఎందుకొచ్చింది? రుజువేదీ?" అన్నాను. అది అవతలికి పోయింది. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేది అదే. ఎప్పుడూ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని వాయించేది, ఆ నెలలో నిలబడి వాయించడం మొదలుపెట్టింది. పాస్టరమ్మ గారు "ఈమధ్య స్టైలుగా వాయిస్తోందే" అన్నారు. నేనూ స్టైలే అనుకున్నాను. దాని నడుం నిజంగా పాడవుతోందా, అర్ధసంవత్సరం పరీక్షలకి ముందు ఆడుతున్న నాటకమా అన్నది తేల్చాల్సింది నేను. నాటకమని తేల్చాను.

అలా తేల్చడానికి మా నాన్న కూడా సాయం పట్టాడు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో నలభై ఏళ్లు మూటలు మోసిన ముఠా కూలీ. మా అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. మనవరాలి నడుంనొప్పి గురించి విని, తుండు దులిపి భుజాన వేసుకుని నవ్వాడు.

"ఒక్కో టిక్కీ నలభై కిలోలు. పొద్దున్నించి మాపటేళ దాకా ఎన్ని మోశానో నాకే లెక్క తెలీదు. నాకు నడుం నొప్పంటే ఏందో తెలీదు. ఆ పుస్తకాల సంచికే ఇదయిపోతే రేపు బిందె ఎట్టా మోస్తదే ఇది?"

టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనెసంచి. నడుం నొప్పంటే తెలియని ఆ మనిషే సాయంత్రం అయ్యేసరికి బోర్లా పడుకుని నడుముకి నొప్పుల నూనె పట్టించుకుంటాడు. ఎందుకు నాన్నా అంటే చల్లదనానికి అంటాడు. పట్టించేది నేనే. అయినా ఆ రోజు ఆయన గొప్పలు నాకు రుజువులాగే కనిపించాయి. మనకి కావలసిన మాట చెప్పినవాణ్ణి ఎవరు అడ్డుప్రశ్నలు వేస్తారు!

ఆ తరవాత వారమే పిల్లలకీ తల్లిదండ్రులకీ బ్యాగుల గురించి చెప్పడానికి మా బడికి ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు వచ్చింది. గుంటూరులో పిల్లల ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయి, పాతికేళ్లు దాటి ఉండవు. కరస్పాండెంటు గారు మైకు పట్టుకుని "ప్రముఖ ఫిజియో మేడం" అని పరిచయం చేశాడు. ఆమె మైకు అందుకుని, ఫిజియో కాదండీ, పిల్లలు కూర్చోవడం, రాయడం, తినడం, సంచి మోయడం లాంటి రోజువారీ పనులు ఒళ్లు నొప్పి లేకుండా చేసుకునేలా చూడటం మా పని అని చెప్పింది. ముందు వరసలో కూర్చున్న తల్లిదండ్రుల్లో ఒకాయన "దీనికి కూడా డాక్టరుంటారా" అని పక్కాయనతో గట్టిగానే అన్నాడు. మావాళ్లకి గుసగుస అనేది రాదు.

ఆమె ఒక బ్యాగు తగిలించుకుని చూపించింది. రెండు పట్టీలూ వేసుకోవాలి, ఒక్క భుజాన వేలాడదీయకూడదు. బరువు పుస్తకాలు వీపుకి ఆనుకునేలా లోపలి అరలో పెట్టాలి. సంచి నడుం కిందకి జారకూడదు. ఆ రోజుకి అక్కర్లేనివి ఇంట్లో వదిలిపెట్టాలి. నాకు నవ్వొచ్చింది. మా నాన్న ముఠాలో కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొదటిరోజు చెప్పేది సరిగ్గా ఇదే. మూట మెడ కింద ఆనాలిరా, నడుం మీదకి జారితే నువ్వు పోతావు అనేవాడు. మా నాన్న ఆ ముక్క బీడీ కాల్చుకుంటూ చెప్పేవాడు, ఈమె పవర్ పాయింటు పెట్టి చెప్పింది.

చివర్లో ఏమైనా ప్రశ్నలున్నాయా అంది. నేను లేచాను.

"ఆ పదో వంతు అన్నారు కదండీ. తొమ్మిదో వంతు ఎందుకు కాదు, పదకొండో వంతు ఎందుకు కాదు? ఎవరు కొలిచారు? రుజువేమైనా ఉందా?"

స్టాఫంతా వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆ చూపులు నాకు అలవాటే, ఇష్టం కూడా. ఆ అమ్మాయి తడబడుతుందనుకున్నాను. తడబడలేదు.

"నిజం చెప్పాలంటే మేడం, ఆ అంకెకి గట్టి పునాది లేదు. కొన్నిచోట్ల పది శాతం అంటారు, కొన్నిచోట్ల పదిహేను అంటారు. బ్యాగు బరువు వల్లే పిల్లలకి నడుంనొప్పి వస్తుందని పరిశోధనలు ఖాయంగా తేల్చలేకపోయాయి. ఏదో ఒక హద్దు ఉండాలి కనక జాగ్రత్త కోసం పెట్టుకున్నది."

"మరైతే ఇంతసేపూ మాకు చెప్పిందేంటండీ?" అన్నాను. హాలంతా గొల్లుమంది.

నవ్వు ఆగేదాకా ఆగి ఆమె ఇంకో మాట చెప్పింది. "కాటా మీద బరువుకీ నొప్పికీ లంకె సరిగా దొరకలేదు గానీ, నాకు బరువుగా ఉంది అని చెప్పే పిల్లలకీ నొప్పికీ మధ్య లంకె కనపడుతోంది మేడం. అందుకని ముందు పిల్లల్ని అడగండి. ఎప్పుడు నొప్పి, ఎక్కడ నొప్పి, ఏం చేస్తుంటే నొప్పి అని." ఈలోపు మిరపకాయ బజ్జీల ప్లేట్లు వచ్చాయి. ఆమె మాటలో మొదటి సగం నాతో ఇంటికి తెచ్చుకున్నాను. రెండో సగం బజ్జీలతో పాటు అక్కడే వదిలేశాను.

ఇంటికి రాగానే మా అమ్మాయితో అన్నాను. "విన్నావుగా? వాళ్ల దగ్గరే రుజువు లేదు. బ్యాగు వల్ల నొప్పి రాదు."

"బ్యాగు మోస్తే వస్తుందని నేను అన్లేదమ్మా" అంది.

"మరేమన్నావే?"

అది చెప్పబోయింది. అప్పుడే నా ఫోన్ మోగింది. ఆ ఫోన్ కరస్పాండెంటు గారిది. ఆయన మాట్లాడటం మొదలుపెడితే అన్నం చల్లారిపోతుంది.

ఆయనకి వచ్చిన చిక్కేమిటంటే, బ్యాగుల బరువు తూచి రిపోర్టు పంపమని పైనుంచి కాగితం వచ్చింది. బడిలో కాటా లేదు. ఏడో తరగతి పిల్లవాడి తండ్రికి మిర్చి కమిషన్ కొట్టు ఉంటే ఆయన ఎలక్ట్రానిక్ కాటానీ, దాంతోపాటు తూచే గుమాస్తానీ ఆటోలో పంపించాడు. రాసే పని నాకు అప్పగించారు. లెక్కల మనిషిని కదా.

ఆ గుమాస్తా యాభై దాటిన మనిషి. చెవిలో పెన్సిలు. కాటా తన వైపు తిప్పుకుని చిన్న స్టూలు మీద కూర్చున్నాడు. పిల్లలు వరసగా బ్యాగు పెట్టడం, ఆయన అంకెల్ని చూసి యార్డులో అరిచినట్టే "మూడున్నరా! నాలుగూ! మూడూ ముప్పావూ!" అని అరవడం, నేను రాయడం. ఒక్క అంకె కూడా నేను వంగి చూడలేదు. మా ప్రాంతంలో కాటా దగ్గర అరిచిన అంకె రాసుకోవడమే గానీ కాటాలోకి తొంగిచూడటం ఎవరూ నేర్పరు. మా అమ్మాయి బ్యాగు వచ్చింది. "నాలుగూ!" అన్నాడు. మా అమ్మాయి బరువు నలభై ఒక్క కిలోలు. పదో వంతు అంటే నాలుగు కిలోల వంద గ్రాములు. వంద గ్రాములు తక్కువే ఉంది.

సాయంత్రానికి లెక్క తేలింది. మా బడిలో నూటికి తొంభైమంది బ్యాగులు హద్దులోపలే ఉన్నాయి. సరాసరి కట్టాను. తరగతివారీగా గ్రాఫు గీసి రంగులు వేశాను. కరస్పాండెంటు గారు ఆ గ్రాఫుని వాట్సాప్ గ్రూపులో పెడితే తల్లిదండ్రులు బొటనవేళ్లు చూపించారు. వాటిలో సగం వేళ్లు అసలు గ్రాఫు తెరిచి కూడా ఉండవు.

కాగితం ఇంటికి తెచ్చి మా అమ్మాయి ముందు పెట్టాను. "ఇదిగో రుజువు. నీ బ్యాగు నాలుగు కిలోలు. ఇంకోసారి బ్యాగు వల్ల నొప్పి అంటే ఊరుకోను."

అది కాగితం మడిచి నా చేతికే ఇచ్చింది. "సరే మేడం" అంది.

ఇంట్లో ఎప్పుడూ నన్ను అలా పిలవలేదు. అలవాటు మీద నోరు జారిందనుకుని కూర తిరగబోతకి వెళ్లాను.

రెండు రోజుల తరవాత మా నాన్న దాని బ్యాగు నేల మీద నుంచి తీసి మేకుకి తగిలించబోతూ ఆగాడు. ఎడమచేత్తో ఒకసారి, కుడిచేత్తో ఒకసారి ఎత్తి చూశాడు.

"ఎంతన్నారే దీన్ని?"

"నాలుగు కిలోలు నాన్నా."

"నాలుగేంది నీ మొహం! ఆరుకి గింజ తగ్గదు. కాటా ఎవుడేశాడు?"

"కమిషన్ కొట్టు గుమాస్తా."

మా నాన్న బ్యాగు కింద పెట్టి మరీ నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఇంకేముంది, తరుగు తీసుంటాడు నాయాలు! చెయ్యి ఊరుకోదు వాడికి."

బ్యాగు పట్టుకుని వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్లి తూయించాను. ఆరు కిలోల యాభై గ్రాములు. అక్కణ్ణుంచి తిన్నగా గుమాస్తా ఇంటికే వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని, ఒక్క ముక్క కూడా దాచకుండా చెప్పాడు.

"తరుగు తియ్యకుండా ఎట్టా రాస్తారు మేడం? సరుకు బరువే గదా రాసేది. ఖాళీ సంచి కిలో, టిఫిన్ బాక్సు అరకిలో. నీళ్ల సీసా ఉంది గదా, తడి సరుకుకి తీసినట్టు నెమ్ము కింద ఇంకో అరకిలో. అందరికీ ఒకటే తరుగు తీశా, ఎవురికీ అన్యాయం చెయ్యలా."

"పిల్లలు సంచితో సహా మొయ్యాలి కదయ్యా!"

"అది మీరు ముందు చెప్పాల" అన్నాడు. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు నడుం పట్టుకుని వెనక్కి వాలాడు. "ఆ రోజు మీ బళ్లో చిన్న స్టూలేశారు మేడం, ఇప్పటికీ నడుం పట్టేసే ఉంది. మోసేవాళ్లకన్నా కూర్చునే మాకే నడుములు ముందు పోతాయి."

ఆ మాట కూడా నేను వినలేదు. ఏడో తరగతి లెక్కల్లో నికర బరువు, స్థూల బరువు పాఠం పన్నెండేళ్ళుగా చెబుతున్న దాన్ని, చెంప మీద కొట్టినట్టు ఉన్నప్పుడు ఇంకేం వినపడుతుంది! నా గ్రాఫు గుర్తొచ్చి నా మీద నాకే రోత పుట్టింది. తప్పుడు అంకెలకి అంత అందమైన గ్రాఫు మా జిల్లాలో ఇంకెవరూ గీసి ఉండరు.

మర్నాడు కరస్పాండెంటు గారికి చెప్పాను. ఆయన టీ చప్పరిస్తూ, "రిపోర్టు వెళ్లిపోయింది మేడం. ఇప్పుడు ఒక్కో బ్యాగుకి రెండు కిలోలు పెంచి రాస్తే బాగుంటుందా? ఎవరడిగారు మిమ్మల్ని?" అన్నాడు. పైగా చక్రాల బ్యాగులు తెప్పిస్తున్నానని, ఆఫీసులో దొరుకుతాయని చెప్పాడు. తెప్పించాడు కూడా. కొందరు కొన్నారు. అకాలపు వాన ఒక్కటి పడేసరికి మా నల్లరేగడి ఆ చక్రాలని లడ్డూల్లా చుట్టేసింది. ఆ చక్రాల సంచి మామూలు సంచికంటే బరువు. పిల్లలు దాన్ని నెత్తిన పెట్టుకుని బడికొచ్చారు. ఆ రోజు గేటు దగ్గర నిలబడి వరసగా వస్తున్న ఆ ఊరేగింపు చూసి, మనుషుల తెలివిమీద నాకు మిగిలిన కాస్త గౌరవం కూడా పోయింది.

ఇక నాకు ఆవేశం వచ్చింది. ఆరు కిలోలు! పదో వంతు దాటింది! అంకె తెలిసిన మరుక్షణం నా బిడ్డ నొప్పి నాకు నిజమైపోయింది. మొన్నటిదాకా పునాది లేదని నేను వెక్కిరించిన అంకే అది. ఆ శనివారం సెలవు పెట్టి, బ్యాగుతో సహా దాన్ని బస్సెక్కించి గుంటూరు తీసుకెళ్లాను. ఆ థెరపిస్టు అమ్మాయి నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"పదో వంతు అడిగిన మేడం కదా మీరు? రండి."

"మా అమ్మాయండీ. నడుం నొప్పి. చూడండి, బ్యాగు ఆరు కిలోలుంది, దీనివల్లే" అని బ్యాగు టేబుల్ మీద పెట్టాను. ఆమె దాన్ని తీసి కింద పెట్టేసింది. నన్ను పక్క కుర్చీలో కూర్చోమని, దాని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"చెప్పమ్మా. బడికి నడిచొచ్చేటప్పుడు నొప్పిగా ఉంటుందా?"

"ఉండదండి."

"ఇంటికెళ్లేటప్పుడు?"

"నడుస్తుంటే తగ్గుద్దండి."

"మరి ఎప్పుడు మొదలవుతుంది?"

"రెండో పీరియడ్ నుంచండి. సాయంత్రం స్టడీ అవర్ దాకా."

ఆమె ఒక పొడవాటి బల్ల చూపించి, మీ తరగతిలో ఎలా కూర్చుంటావో కూర్చుని చూపించు అంది. మా అమ్మాయి లేచింది. కింద ఉన్న బ్యాగు తీసుకుని బల్ల మీద పెట్టింది. దాని ముందు, బల్ల అంచు మీద, జానెడు కూడా లేని చోట కూర్చుంది. వెనక బ్యాగు వీపుని నెడుతుంటే ముందుకి వంగి, పడిపోకుండా కాళ్లు బిగబట్టి, గాలిలో పెన్ను పట్టుకున్నట్టు చెయ్యి పెట్టింది. రోజూ నా కళ్లముందు మూడో బెంచీలో అలాగే కూర్చునేది. అలా కూర్చున్న యాభైమందిని చూసి క్రమశిక్షణ అంటే ఇదీ అని మురిసిపోయేదాన్ని.

"రోజంతా ఇలాగేనా?" అని అడిగింది ఆమె.

"తొమ్మిదింటి నుంచి ఆరింటి దాకండి."

"బ్యాగు కింద పెట్టుకోకూడదా?"

"మా క్లాస్ టీచర్ ఒప్పుకోరండి. దసరాకి ముందు రూల్ పెట్టారు."

"నొప్పిగా ఉందని ఆవిడకి చెప్పావా?"

"చెప్పానండి. కింద పెట్టుకుంటాను మేడం అని రెండుసార్లు అడిగాను. అందరిముందూ కూర్చోమన్నారు."

నాకు గుర్తొచ్చింది. రెండుసార్లూ గుర్తొచ్చాయి. రెండోసారి "నీకో చట్టం, వాళ్లకో చట్టమా?" అన్నాను. తరగతి నవ్వింది, టీచరు కూతురికి పక్షపాతం చూపించని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇంటికొచ్చాక బ్యాగు వల్ల నొప్పి అంది. మోయడం అని అది ఒక్కసారీ అనలేదు, ఆ మాట నేనే కలుపుకున్నాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, ఆ చిన్న గదిలో కుర్చీలో కూర్చుండిపోయాను.

ఆ థెరపిస్టు కాగితం మీద ఏదో రాస్తూ నా వైపు తిరిగింది. మా అమ్మాయి చెబుతున్న మేడం ఎవరో ఆమెకి తెలియదు.

"కంగారు పడాల్సిందేం లేదు మేడం. ఎముకకి ఏమీ కాలేదు అనే అనిపిస్తోంది, అయినా ఒకసారి డాక్టరుగారికి చూపిద్దాం. కూర్చునే తీరు మారితే తగ్గుతుంది. బ్యాగు బెంచీ కిందకి పోతే చాలు, వెనక బల్లకి ఆనుకుని కూర్చోగలుగుతుంది. మీరూ అదే బడి కదా, ఆ క్లాస్ టీచర్‌తో ఒక మాట చెప్పండి. వింటారా ఆవిడ?"

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి బ్యాగు పట్టీ సరిచేసుకుంటూ, నన్ను చూడకుండా, నన్ను పట్టివ్వకుండా, ఎంతో మర్యాదగా జవాబు చెప్పింది.

"వినరండి. రుజువు అడుగుతారు."

సోమవారం మొదటి పీరియడ్‌లో బ్యాగులన్నీ బెంచీల కింద పెట్టమన్నాను. పిల్లలు నమ్మలేదు, ఇదేదో పరీక్ష అనుకుని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఎందుకు మేడం అని ముందు బెంచీ పిల్లవాడు అడిగాడు. మీలో ఒకరు అడిగారు, అందుకని అన్నాను. నలభై తొమ్మిది బ్యాగులు దిగాయి, నలభై తొమ్మిది వీపులు వెనక్కి జరిగి బల్లలకి ఆనాయి. మూడో బెంచీలో ఒక్క బ్యాగు మాత్రం అలాగే ఉంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"నువ్వు కూడా" అన్నాను.

"నిజంగానా మేడం?" అంది మా అమ్మాయి.